స్నేహితుడికే ముందు తెలుస్తుంది.. ఆ తర్వాత ఎవరికి చెప్పాలి?

మీ అబ్బాయో అమ్మాయో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతుంటే, వాళ్ల మనసు బాగోలేదన్న సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది? మీకు కాదు. ఆదివారం ఫోన్లో మీకు వినిపించేది ‘బాగానే ఉన్నా’ అనే మాటే. వంద మందిని చూసుకునే వార్డెన్‌కూ తెలియదు. పక్క మంచం మీద పడుకునే పిల్లాడికి తెలుస్తుంది. రాత్రి నిద్రపోకుండా కూర్చోవడం, మెస్‌లో పళ్లెం ముట్టుకోకుండా లేచిపోవడం, ఇష్టంగా దాచుకున్న వస్తువులు పంచిపెట్టేయడం, ‘నేను లేకపోతే ఇంట్లో వాళ్లకే హాయి’ అనడం... ఇవన్నీ చూసేది, వినేది ఆ పదహారేళ్ల స్నేహితుడే.

చాలాసార్లు ‘ఎవరికీ చెప్పకు’ అని ఒట్టు పెట్టించుకునేదీ అతని చేతే. అతనికి ఏం చేయాలో మనం నేర్పామా? పాఠశాలల్లో ఆత్మహత్యల నివారణ గురించి ఇన్ని ఆదేశాలు, పథకాలు వచ్చాక కూడా తేలని ప్రశ్న ఇది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రోజుకు సగటున 35 మందికి పైనే. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన ఓ విద్యార్థిని కేసులో 2025 జులై 25న తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఈ అంకెనే ప్రస్తావించింది. ఆ కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాంతో పాటు, ఈ విషయంపై చట్టం వచ్చేదాకా దేశమంతటా వర్తించేలా 15 మార్గదర్శకాలు జారీ చేసింది. ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా పాఠశాలలు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ వీటి కిందకు వస్తాయి.

వాటిలో మీరు తెలుసుకోవాల్సినవి ఇవి: వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలి. అంతకన్నా చిన్న సంస్థలైతే బయటి నిపుణులతో ముందే ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. ఒక విద్యార్థి ప్రమాదంలో ఉన్నాడని తెలిస్తే ఎక్కడికి పంపాలో రాతపూర్వకంగా ఉండాలి.

బ్యాచ్‌ల సంగతి తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నెలకోసారి ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు మార్చే పద్ధతి మన కార్పొరేట్ కాలేజీల్లో ఎప్పటి నుంచో ఉంది. ఈ కాలేజీల్లో మరణాలపై ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ వేశారు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. కమిటీలు, సర్క్యులర్లు మనకు కొత్త కాదు.

తీర్పులో సిబ్బంది శిక్షణ ఏడాదికి రెండుసార్లని లెక్క కట్టి మరీ ఉంది. విద్యార్థుల దగ్గరికి వచ్చేసరికి మానసిక ఆరోగ్యంపై అవగాహనను ఓరియంటేషన్లలో, ఇతర కార్యక్రమాల్లో చేర్చాలన్న మాట ఉంది కానీ, అంత కచ్చితత్వం లేదు. ముందు తెలిసేది మాత్రం వాళ్లకే.

పిల్లలకు నేర్పితే ఫలితం ఉంటుందా?

ఉంటుందనడానికి గట్టి ఆధారమే ఉంది. యూరప్‌లోని 10 దేశాల్లో 168 పాఠశాలల్లో, 11 వేల మందికి పైగా విద్యార్థులతో చేసిన ‘సేల్’ అధ్యయనం 2015లో లాన్సెట్‌లో వచ్చింది. అందులో మూడు పద్ధతుల్ని పోల్చారు. మొదటిది, ప్రమాద సంకేతాలు గుర్తించేలా ఉపాధ్యాయులకు శిక్షణ. రెండోది, ప్రశ్నపత్రాలతో పరీక్షించి అవసరమైన పిల్లల్ని నిపుణుల దగ్గరికి పంపడం. మూడోది ‘యామ్’. ఇందులో నాలుగు వారాల్లో మొత్తం ఐదు గంటలు పిల్లలతోనే పని చేస్తారు. ఒత్తిడి, దిగులు, స్నేహితుడు కష్టంలో ఉండటం వంటి సందర్భాల్ని పిల్లలు తామే నటించి చూపి, తామే చర్చించుకుంటారు.

ఏడాది తర్వాత చూస్తే, యామ్‌లో పాల్గొన్న పిల్లల్లో ఆత్మహత్యాయత్నాలు 0.70 శాతం. పోస్టర్లు తప్ప మరేమీ ఇవ్వని పిల్లల్లో 1.51 శాతం. అంటే సగానికి తగ్గాయి. మిగతా రెండు పద్ధతుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అమెరికాలో ‘సోర్సెస్ ఆఫ్ స్ట్రెంగ్త్’ అనే కార్యక్రమం ఉంది. దానికి క్లాస్ టాపర్లనే ఎంచరు. క్రికెట్ గుంపు, వెనక బెంచీ గుంపు, ఎవరితోనూ కలవని గుంపు అని మన దగ్గర ఉన్నట్టే అక్కడా ఉండే రకరకాల జట్ల నుంచి కొందర్ని తీసుకుని శిక్షణ ఇస్తారు. 18 హైస్కూళ్లలో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. శిక్షణ పొందిన పిల్లలు, పొందని వాళ్లతో పోలిస్తే, పెద్ద పాఠశాలల్లో నాలుగు రెట్లు ఎక్కువగా ఆపదలో ఉన్న స్నేహితుడి సంగతి పెద్దవాళ్లకు చేరవేశారు.

‘చేరవేశారు’ అన్న మాట గమనించండి. వాళ్లు కౌన్సెలింగ్ చేయలేదు. చేయమని ఎవరూ అడగలేదు కూడా.

మన దగ్గర లేనిదేమిటి?

పథకాల్లో విద్యార్థుల పాత్ర లేకపోలేదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో ‘సాథియా’ పేరుతో తోటి వయసు వాళ్లనే బోధకులుగా తీసుకుంటారు. 2020లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఆరోగ్య రాయబారులు, విద్యార్థులు ఆరోగ్య దూతలు. అందులోని 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. కేంద్ర విద్యాశాఖ 2023లో తయారుచేసిన ‘ఉమ్మీద్’ ముసాయిదా అయితే ప్రిన్సిపల్ నాయకత్వంలో ప్రతి పాఠశాలలో ఒక వెల్‌నెస్ టీమ్ ఉండాలంటుంది.

అడ్డం పడేది తర్వాతి మెట్టు దగ్గర. విద్యార్థి చెప్పాడనుకుందాం. వినేవాళ్లెవరు? లెక్కల మాస్టారికి చెబితే ‘చదువు ఎగ్గొట్టడానికి నాటకం’ అనవచ్చు. వార్డెన్‌కు చెబితే నలుగురి ముందు పిలిచి మందలించవచ్చు. యాజమాన్యానికి చెబితే కాలేజీ పేరు పోతుందని, సామాన్లు సర్దించి ఇంటికి పంపేయవచ్చు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా ఆ హాస్టల్లో మరో పిల్లాడు నోరు విప్పడు. అందుకే, వినే పెద్దల్ని సిద్ధం చేయకుండా పిల్లలకు బ్యాడ్జీలు తగిలించి ‘దూతలు’ అనడం మేలు కన్నా కీడే చేస్తుందని నా అభిప్రాయం.

వినే మనిషి ఎవరన్నది ఎంత ముఖ్యమో బిహార్‌లో తేలింది. నలందా జిల్లాలోని 70కి పైగా పాఠశాలల్లో జరిగిన ‘సెహెర్’ అధ్యయనం 2018లో ప్రచురితమైంది. ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల ఉన్న ఉపాధ్యాయులకే అప్పగించారు, కొన్నిచోట్ల అదే పని కోసం శిక్షణ ఇచ్చిన స్థానిక కౌన్సెలర్లకు ఇచ్చారు. కౌన్సెలర్లు ఉన్నచోట పిల్లల్లో దిగులు, వేధింపులు తగ్గాయి, బడి వాతావరణం మెరుగుపడింది. ఉపాధ్యాయులు నడిపినచోట మార్పు లేదు. ఆ కౌన్సెలర్లు పెద్ద డిగ్రీలున్న సైకాలజిస్టులేమీ కాదు. కానీ మార్కులు వేసే చేయి, కష్టం వినే చెవి ఒకరివే కావు.

విద్యార్థి పని ఎక్కడి వరకు?

పిల్లలకు నేర్పాల్సింది కొంచెమే. స్నేహితుడి మాటల్లో చావు ప్రస్తావన వస్తే నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్నది అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ‘నీకేం తక్కువ’, ‘అమ్మానాన్న ఏమైపోతారు’ లాంటి మాటలు అనకుండా చెప్పింది వినాలి. ఒంటరిగా వదలకూడదు. అదే రోజు నమ్మకమైన ఒక పెద్ద మనిషికి చెప్పాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాటిచ్చి ఉన్నా చెప్పాలి. ఈ ఒక్క విషయంలో మాట తప్పడం ద్రోహం కాదని పిల్లలకు ముందే, మామూలు రోజునే చెప్పి ఉంచాలి.

చెప్పాక అతని బాధ్యత తీరిపోతుంది. రాత్రంతా కాపలా కాయడం, మందులు వేసుకున్నాడో లేదో చూడటం పదహారేళ్ల వాడి పని కాదు. ఎంత చేసినా జరగరానిది జరిగితే ఆ భారం అతని నెత్తిన పడకూడదు. అలాంటప్పుడు ముందుగా పలకరించాల్సిందీ ఆ గది స్నేహితుల్నే. మన కాలేజీల్లో సాధారణంగా ఒక రోజు సెలవిచ్చి, మర్నాటి నుంచి స్టడీ అవర్ మొదలుపెడతారు.

కాలేజీని ఏం అడగాలి?

అడ్మిషన్ రోజున ఫీజు, ఏసీ గది, గత ఏడాది ర్యాంకుల గురించి అడుగుతాం. ఈసారి కౌన్సెలర్ పేరు అడగండి. ఆ మనిషి వారంలో ఎన్ని రోజులు క్యాంపస్‌లో ఉంటారో, పిల్లలు వార్డెన్ అనుమతి లేకుండా వెళ్లి కలవవచ్చో లేదో అడగండి. రాత్రి పదకొండు గంటలకు ఒక పిల్లాడు తన స్నేహితుడి గురించి భయపడితే ఎవరి తలుపు తట్టాలో చెప్పమనండి. సెల్‌ఫోన్లు అనుమతించని హాస్టల్లో గోడ మీద హెల్ప్‌లైన్ నంబర్ రాసి ఉంటే దేనితో ఫోన్ చేయాలి? ఇదీ అడగాల్సిందే. సుప్రీంకోర్టు మార్గదర్శకాలున్నాయి కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడం యాజమాన్యం దయ కాదు, బాధ్యత.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. తన కోసమే కాదు, స్నేహితుడి గురించి ఏం చేయాలో తోచని విద్యార్థి, పిల్లల గురించి దిగులుపడే తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. పిల్లల కోసం 1098 ఉంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఆలస్యం చేయకుండా 112 లేదా 108కి ఫోన్ చేయండి.