ఎండ కూడా తోస్తుంది!

మిట్టమధ్యాహ్నం కీసరగుట్ట ఎక్కేవాళ్లకి ఎండ నెత్తిన కూర్చున్నట్టే ఉంటుంది. మాటవరసకు అనుకున్నా, ఎండ నిజంగానే మనల్ని తోస్తుంది. కాకపోతే చదరపు మీటరు నల్లటి పలక మీద పడే ఎండ తోపు అర మిల్లీగ్రాము బరువుకి కూడా సమానం కాదు.

ఇక్కడే పదో తరగతి పిల్లలకి అనుమానం వస్తుంది. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం. కాంతికణమైన ఫోటాన్‌కి ద్రవ్యరాశి సున్నా. సున్నాని దేంతో గుణించినా సున్నాయేగా! మరి ఆ తోపు ఎక్కడిది?

ఆ సూత్రం బంతులకీ బస్సులకీ సరిపోతుంది. కాంతికి పనికిరాదు. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం కాంతి శక్తిని కాంతివేగంతో భాగిస్తే దాని ద్రవ్యవేగం వస్తుంది. ద్రవ్యరాశితో పనే లేదు. ఐన్‌స్టీన్ కంటే ముందే, 1901లో రష్యన్ శాస్త్రవేత్త లెబెదెవ్ గాలి తీసేసిన గాజుపాత్రలో పల్చటి రేకులు వేలాడదీసి, వాటిపై వెలుగు పడేలా చేసి ఈ తోపుని కొలిచాడు.

ఇంత చిన్న తోపుతో ఏమవుతుంది అనుకోకండి. 1982లో మనదేశం పంపిన ఇన్‌శాట్-1ఎకి సౌరఫలకాలు ఒకవైపే ఉండేవి. ఎండ తోపుకి అది తిరిగిపోకుండా రెండోవైపు ఓ తెరచాప అమర్చారు. అది విచ్చుకోలేదు. మరికొన్ని ఇబ్బందులూ తోడయ్యాయి. దిశ సరిచేసుకునే ఇంధనం అయిపోవడంతో ఆ సెప్టెంబరులోనే ఉపగ్రహాన్ని వదులుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ ఫోటాన్ ద్రవ్యరాశి సున్నా అని ఎలా తెలిసింది? దాన్ని త్రాసులో పెట్టలేం. ఏ కాస్త ద్రవ్యరాశి ఉన్నా, గ్రహాల అయస్కాంత క్షేత్రం దూరంపోయేకొద్దీ లెక్కకన్నా త్వరగా తగ్గిపోవాలి. 1973లో పయనీర్-10 గురుగ్రహం దగ్గర తీసిన కొలతల్లో అలాంటి తేడా కనిపించలేదు.

తోపే కాదు, ఫోటాన్‌కి బొంగరంలాంటి గుణమూ ఉంది. దాన్ని స్పిన్ అంటారు. 1931లో కలకత్తాలో సి.వి.రామన్‌తో కలిసి దానికి ప్రయోగంలో రుజువు చూపింది మన తెలుగువాడే... కృష్ణా జిల్లాలో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం. నాచారానికి చేరువలోని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 1950లలో ఆయన ఉపకులపతిగా ఉన్నారు.

ఈసారి కీసరగుట్ట దగ్గర గొడుగు విప్పినప్పుడు, ఆ గుడ్డని పైనుంచి నొక్కుతున్నది గాలి ఒక్కటే కాదని పిల్లలకి చెప్పండి.