ఉచిత యాంటీవైరస్: ఎవరికి కాపలా?

ఇంటి కంప్యూటరుకు యాంటీవైరస్ ఎంచుకోవడం సాంకేతిక విషయమని, అది మగవాళ్ళు చూసుకుంటారని మనలో చాలామందిమి వదిలేస్తాం. ఇది హక్కుల విషయమని నేనంటాను. భర్త కొడుతున్నాడని మన దగ్గరకొచ్చిన స్త్రీ చెప్పిన సంగతులు ఎంతమందిమి ఇంటి కంప్యూటరులోనే రాసిపెట్టుకోవడం లేదు? గర్భస్రావం గురించీ, విడాకుల గురించీ వెతికేదీ అందులోనే కదా!

యాంటీవైరస్ మనం తెరిచే ఫైళ్ళను చూస్తుంది. ఇంటర్నెట్ కాపలా కూడా అప్పగిస్తే, వెళ్ళిన ప్రతి పేజీనీ చూస్తుంది. అవాస్ట్ సంస్థ అలా చూసిన వివరాలను 2014 నుంచి 2020 వరకు జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా వందకు పైగా కంపెనీలకు అమ్మిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2024లో కోటీ 65 లక్షల డాలర్లు కట్టమంది. ప్రకటనల కోసం ఆ సమాచారం అమ్మకుండా నిషేధించింది.

ఉచితమంతా మోసమని కాదు. విండోస్ 11తో వచ్చే డిఫెండర్ మామూలు ఇంటి వాడకానికి చాలు. అనుమానం వచ్చిన ఫైళ్ళను అది మైక్రోసాఫ్ట్‌కు పంపకుండా సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. వేరేది పెట్టుకుంటే, సమాచారం పంచుకునే అనుమతులన్నీ ముందే తీసేయాలి.

అయితే పాస్‌వర్డ్ తెలిసిన ఇంటివాళ్ళను ఏ యాంటీవైరస్సూ ఆపలేదు. కేసుల ఫైళ్ళకు విడిగా పాస్‌వర్డ్ పెట్టుకుందాం. ఆ స్త్రీ నమ్మింది కంపెనీని కాదు, మనల్ని.