మంచుకొండల మజిలీలు

స్వాతంత్ర్యమనగా ఎవరి యిచ్చ వచ్చినట్లు వారు నడచుటయే యని తలచువారు మనలో ననేకులు గలరు. అట్టివారు ఐరోపాయందలి ఆల్ప్స్ పర్వతములపై ప్రతి వసంతకాలమునను సాగు ఒక యాత్రను గూర్చి తెలిసికొనుట మంచిది. ఫ్రాన్సు దేశమందలి షామొనీ పట్టణమునుండి స్విట్జర్లాండునందలి జెర్మాట్ వరకు, హిమానీనదముల మీదుగా, ఆఱేడు దినములు సాగు ఈ త్రోవకు 'ఓత్ రూత్' అని పేరు. ఎత్తుదారి యని యర్థము. 1861వ సంవత్సర ప్రాంతమున ఆంగ్ల పర్వతారోహకులు వేసవియందు ఈ దారిని నడచిరి. 1903లో షామొనీ వైద్యుడొకడు అచటి మార్గదర్శులతో కూడి శీతకాలమున స్కీలపై దీనికి పూనుకొనెను. నేడు నానాదేశస్థులు ఏటేట ఈ యాత్ర చేయుచున్నారు.

స్కీలనగా పాదములకు బిగించుకొను పొడవైన సన్నని పలకలు. ఎక్కునపుడు వాని యడుగున బొచ్చుపట్టీలు అంటింతురు. ఆ బొచ్చు ముందునకు జారనిచ్చును గాని వెనుకకు జారనీయదు. పూర్వము సీలు జంతువు చర్మముతో చేసిన ఈ పట్టీలను ఇప్పుడు మేకబొచ్చుతోను, కృత్రిమపు నూలుతోను చేయుచున్నారు. కనుమ చేరిన పిదప పట్టీలు పీకి మడిచి సంచిలో నుంచుకొని, మడమలు బిగించి, ఆవలి వాలున జారిపోవుదురు. తెల్లవారక మున్నే బయలుదేరవలెను. ఎండ ముదిరినచో రాత్రి గడ్డకట్టిన మంచు వదులై చరియలు విఱిగిపడును. చరియక్రింద పూడినవానిని పావుగంటలోపల వెలికిదీయనిచో బ్రతుకు ఆశ మిక్కిలి తగ్గిపోవును. కావున ప్రతివాడును సంకేతమిచ్చు చిన్న యంత్రమును, గుచ్చి వెదకు కడ్డీని, పారను తనవెంట గొనిపోవలెను. ఇవి తనకొఱకు గాదు, తోడివానిని రక్షించుటకు. తన ప్రాణము తోడివాని చేతనున్నదని ప్రతివాడు ఎఱిగి నడచు ప్రయాణ మిది.

సాయంకాలమునకు చేరవలసిన మజిలీలే ఈ యాత్రకు ప్రాణము. స్విట్జర్లాండు పర్వతారోహకుల సంఘము 1863లో స్థాపింపబడెను. ఆ సంవత్సరమే టోడీ శిఖరము దాపున తన మొదటి కుటీరమును గట్టెను. నేడు ఆ సంఘమునకు సుమారు నూటయేబది కుటీరములు గలవు. సభ్యుల చందాలు, శాఖల పూనికయు వీనికి మూలబలము. కాపరి లేని మాసములలో సైతము పెక్కు కుటీరములందు ఒక గది తెఱచియే యుండును. అందు పఱుపులు, కంబళ్లు, పొయ్యి, కట్టెలు ఉండును. వచ్చినవాడు పొయ్యి రగిల్చి, మంచు కరిగించి నీరు చేసికొని, పండుకొని, తెల్లవాఱి గది ఊడ్చి, ఈయవలసిన పైకమును తానే పెట్టెలో వేయుటయో, పిదప పంపుటయో చేయును. అడుగువాడు లేడు, చూచువాడును లేడు. మూడువేల మీటర్ల యెత్తున, నరసంచారము లేనిచోట, పౌరధర్మము ఈ తీరున నిలిచియున్నది.

ఇది మనకు వింతగా తోచనక్కఱలేదు. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి వెడలిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకిని దారి యెట్టిది, దిగుటకు వసతి యేది, సామగ్రి దొఱకునా యని వ్రాసి మనకు విడిచిపోయిరి. బాటసారికి నీడ గల్పించుట పుణ్యమని మన పెద్దలు త్రోవల వెంట సత్రములు గట్టించి మాన్యములు విడిచిరి. ఆ మాన్యము లెన్ని యెవరి పాలయ్యెనో, ఎన్ని సత్రములు వ్యాజ్యములలో శిథిలమయ్యెనో న్యాయవాదవృత్తియందున్న మాకు కొంత తెలియును. దాత పోయిన వెనుక ధర్మమును నిలుపు సంఘము లేకుండుటయే దీనికి కారణము. మన సత్రమునకు దాత యొకడు. వారి కుటీరమునకు దాతలు వేలకొలది సభ్యులు. భేద మిక్కడ నున్నది.

ఇక మార్గదర్శిని గూర్చి. 1820లో మాంబ్లా పర్వతముపై చరియ పడి మువ్వురు మార్గదర్శులు మరణించిరి. మఱుసటి యేడే షామొనీ మార్గదర్శులు తమలో తాము సంఘముగా నేర్పడి, ఆపదలోనున్న సభ్యులకును, వారి కుటుంబములకును సాయపడుటకు నిధిని గూర్చిరి. నేడు ఆ వృత్తి కొన్ని సంవత్సరముల శిక్షణయు పరీక్షలును గలది. యాత్రికుడు లక్షాధికారి యైనను, వెనుకకు మరలుడని మార్గదర్శి చెప్పినచో మరలవలసినదే. కూలి యిచ్చువాడు కూలి గొనువాని మాటకు లోబడుట అచట అవమానము గాదు. అయినను మార్గదర్శి సర్వజ్ఞుడు గాడు. 2018 ఏప్రిలు చివర ఈ దారిలోనే వీన్యెట్ కుటీరమునకు కొన్ని వందల మీటర్ల దూరమున తుపానులో చిక్కినవారు రాత్రియంతయు ఆరుబయట గడపిరి. మార్గదర్శితో గూడ ఏడుగురు మరణించిరి. ఇంత కట్టుబాటున్నచోట సైతము కొండ క్షమింపదు. కట్టుబాటే లేనిచోట చెప్పవలసిన దేమున్నది?

ఇది ధనవంతుల వినోదము, మనకేల యని కొందఱందురు. వ్యయముతో గూడిన దనుట నిజమే. కాని హిమాలయము మనది. 1953లో టెన్సింగ్ నార్గే ఎవరెస్టు నెక్కిన పిమ్మట 1954లో దార్జిలింగునందును, 1965లో ఉత్తరకాశియందును పర్వతారోహణ విద్యాలయములు వెలసెను. 2014లో మన తెలుగుబిడ్డలు మాలావత్ పూర్ణ, ఆనందకుమారులు, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు, ఎవరెస్టు శిఖరముపై నిలిచిరి. పేదబిడ్డలకు అందని కొండ లేదని వారు ఋజువు చేసిరి. అయితే 2022 అక్టోబరు 4వ తేదీన ఉత్తరాఖండమున ద్రౌపదీ కా డాండా పర్వతముపై చరియ విఱిగిపడి ఇరువదిమందికి పైగా శిక్షణార్థులు, శిక్షకులు మరణించిరి. శిఖరమెక్కినవాని చిత్రపటము పత్రికల కెక్కును. వాని మూట మోసిన కూలివాని పేరు ఎన్నడైన నెక్కెనా?

కావున మేము కోరునవి మూడు. కొండదారులందు సంఘముల యాజమాన్యమున కుటీరములు నిర్మింపవలెను. మంచుచరియల హెచ్చరికలు కొండపల్లెలోని సామాన్యునకు సైతము వాని భాషలో ప్రతిదినము అందవలెను. మార్గదర్శులకును కూలివాండ్రకును శిక్షణ, భీమా, తగిన వేతనము చట్టముచే స్థిరపడవలెను. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయుగాక. మన పట్టణములలోని యువజనసంఘములు మాత్రము ఆ దినమునకై వేచియుండ నక్కఱలేదు. నల్లమలలోనో, తూర్పుకనుమలలోనో, అటవీశాఖవారి యనుమతితో ఒక త్రోవను తీర్చి, ఒక చిన్న వసతిని నెలకొల్పి, దానియందొక చీపురును, ఒక పైకపు పెట్టెను ఉంచి చూడుడు. ఏడాది గడచిన పిమ్మట ఆ గది శుభ్రముగా నుండి, ఆ పెట్టెలో రావలసిన పైకముండెనా, మనకు స్వరాజ్యము నిలుపుకొనదగిన యోగ్యత కలదని ఎవరిని అడుగ బనిలేదు.