కీలులో కుమ్మక్కు

పొద్దున్నే పిడికిలి బిగుసుకోదు. టూత్‌పేస్టు మూత తిప్పబోతే మణికట్టు కలుక్కుమంటుంది. ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటాం. కానీ కీళ్ల అరుగుదల వేరు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వేరు. ఈ రెండోదానిలో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే కీళ్ల మీద పడతాయి.

అయితే తప్పంతా వాటిదే కాదు. కీలు లోపలి సైనోవియం పొర పైవరస మామూలుగా ఒకటి రెండు కణాల మందమే. అక్కడ చేరిన మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్ వంటి రసాయన సంకేతాలు వదిలితే, పొరలోని ఫైబ్రోబ్లాస్టులనే కణాలు రెచ్చిపోయి ఐఎల్-6 అనే మరో సంకేతాన్ని విడుదల చేస్తాయి. అది మరిన్ని రోగనిరోధక కణాలను ఉసిగొల్పుతుంది. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి. పొర దళసరెక్కి మృదులాస్థిని కొరుకుతుంది. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులూ విజృంభిస్తాయి.

1992లో లండన్‌లో శాస్త్రవేత్తలు మార్క్ ఫెల్డ్‌మన్, లూధియానాలో పుట్టిన రవీందర్ మైనీ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీని రోగులకు ఇచ్చి చూశారు. ఒక్క సంకేతాన్ని ఆపినా వాపు, నొప్పి తగ్గాయి. చికిత్స తీరే మారిపోయింది. అయినా ఆ మందులు అందరికీ పనిచేయడం లేదు. అందుకే పరిశోధకుల చూపు ఇప్పుడు ఫైబ్రోబ్లాస్టుల మీదికీ మళ్లింది. రోగనిరోధక శక్తిని మరీ అణచకుండా వాటిని కట్టడి చేయగలమా అన్నదే ఈ సంచిక ముఖచిత్ర కథనం.