వేట విరామం లేని యంత్రం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తూర్పు తీరంలో మరపడవలు వేటకు వెళ్లరాదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ 61 రోజులు నిషేధం. అప్పుడు భావనపాడు ఒడ్డుకు వచ్చి చూడండి. ఒకచోట ఇంజను విప్పుతూ ఉంటారు, ఇంకొకచోట పడవకు రంగు వేస్తూ ఉంటారు. మరమ్మతుకు ఇంతకంటె మంచి అదను ఏముంటుంది? పడవ ఎలాగూ ఆగే ఉంది.

మరి ఎన్నడూ ఆగరాని యంత్రాన్ని బాగుచేయడం ఎలా?

వేటకు పోయేముందు సముద్రం తీరు తెలియాలి. అలల ఎత్తు గురించి హైదరాబాదులోని ఇన్‌కాయిస్, తుపానుల గురించి విశాఖపట్నంలోని తుపాను హెచ్చరిక కేంద్రం సూచనలు ఇస్తాయి. వాటిని ఫోనులో చూసి ఇంట్లో చదివి వినిపించేది చాలాచోట్ల మీరే. వేలమంది ఒకేసారి అడిగే వెబ్‌సైటులో అసలు కంప్యూటరు మనతో నేరుగా మాట్లాడదు. నడుమ ప్రాక్సీ సర్వర్ ఉంటుంది. ప్రాక్సీ అంటే ఒకరి బదులు నిలబడేవాడు. తన దగ్గర నకలు ఉంటే వెంటనే ఇస్తుంది, లేకపోతే వెనుకకు వెళ్లి అడిగి తెస్తుంది. ఇది ఆగితే వెనుక అంతా సవ్యంగా ఉన్నా మనకు ఏదీ చేరదు. దీనికీ మరమ్మతులు తప్పవు. భద్రతా లోపాలు సరిదిద్దాలి, ఒక్కొక్కసారి ఆపి మళ్లీ నడపాలి.

అందుకే రెండు యంత్రాలు పెట్టి, రెండింటికీ కలిపి ఒకే చిరునామా ఇస్తారు. మొదటిది సెకనుకు ఒకసారి ‘నేనున్నాను’ అని సంకేతం పంపుతుంది. సుమారు మూడు సెకన్లు ఆ సంకేతం వినబడకపోతే రెండవది ఆ చిరునామాను తాను తీసుకుంటుంది. మరమ్మతు నాడు ఈ పని కావాలనే చేస్తారు. బ్యాంకులో కౌంటరు మూసేటప్పుడు గుమస్తా ఏమి చేస్తాడు? కొత్తవారిని పక్క కౌంటరుకు పంపి, అప్పటికే నిలుచున్నవారి పని ముగించి లేస్తాడు. ఇక్కడా అంతే. మొదటిదాన్ని బాగుచేసి, పరీక్షించి, పనిలో పెట్టిన తరువాతనే రెండవదాన్ని ముట్టుకుంటారు. చూసేవారికి ఏమీ తెలియదు.

ఇంత సులువైతే ‘మరమ్మతులో ఉన్నాము, తరువాత రండి’ అనే పలక మనకెందుకు ఎదురవుతుంది? (దానికి 503 అనే సంఖ్య కూడా ఉంది!) రెండవ యంత్రానికి ఖర్చు అంటారు. సినిమా పాటల సైటుకైతే నేనూ ఒప్పుకుంటాను. తుపాను కబురు చెప్పే సైటుకు ఒప్పుకోను.

యంత్రాలు రెండుంటే చాలదు కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. కరెంటు స్తంభాలు వరుసగా కూలిపోయాయి. ఒకే గదిలో, ఒకే కరెంటు తీగ మీద ఉన్న రెండు యంత్రాలు అలాంటి రాత్రి ఒక్కటే లెక్క. మూడవది వేరే ఊళ్లో ఉండాలి.

నేను పనిచేసిన ఒక బడిలో జనరేటరు ఉండేది. దానికి గుడ్డ కప్పి ఎంతో భద్రంగా చూసుకొనేవాళ్లం. అవసరమైన రోజున చూస్తే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వాడి చూడని బదులు యంత్రం ఉన్నా లేనట్టే. అందుచేత మరమ్మతును దాచుకోవలసిన ఇబ్బందిగా కాక, పరీక్షగా చూడాలని నా అభిప్రాయం. బంగాళాఖాతం నెమ్మదిగా ఉండే ఫిబ్రవరిలో, పట్టపగలు, సిబ్బంది అందరూ ఉన్నప్పుడు మొదటి యంత్రాన్ని కావాలనే ఆపాలి. రెండవది అందుకోకపోతే ఆ సంగతి అప్పుడే తెలుస్తుంది. సరిచేసుకోవడానికి తుపానుల కాలం వచ్చేదాకా వ్యవధి ఉంటుంది.