ఫారం ముందా, మనిషి ముందా?

సేవకులారా, సంఘ పెద్దలారా! సహాయానికి వచ్చిన విధవరాలిని పదిమందిలో నిలబెట్టి "నీ భర్త తాగేవాడా? అప్పెంత? ఆధార్ తెచ్చావా?" అని అడగడాన్ని దయచేసి పరిచర్య అనకండి. అది విచారణ.

సోషల్ వర్క్‌లో ఈ మొదటి సంభాషణను ఇన్‌టేక్ ఇంటర్వ్యూ అంటారు. మేరీ రిచ్‌మండ్ 1917లోనే 'సోషల్ డయాగ్నోసిస్' పుస్తకంలో దీనికొక అధ్యాయం కేటాయించి, తొందరపెట్టకుండా ఓపికతో వినాలని చెప్పింది. మరి వాక్యం తెలిసిన మనం? బర్తిమయి గుడ్డివాడని యెరికోలో అందరికీ కనబడుతూనే ఉంది. అయినా నీకేమి కావాలని ప్రభువు అతన్నే అడిగాడు. మనమేమో అడగకుండానే బియ్యం మూట చేతిలో పెట్టి ఫోటో తీస్తాం. ఆమెకు కావలసింది పింఛను అర్జీ రాసిపెట్టే మనిషేమో!

వివరాలు వద్దనను. దాతలు లెక్క అడుగుతారు, అడగాలి కూడా. కానీ ఫారం ఆఖర్న తీయండి. ముందు కుర్చీ వేయండి, మంచినీళ్లివ్వండి. సంఘంలోని ఒక పెద్ద సహోదరిని ఆమె పక్కన కూర్చోబెట్టి, తలుపు వారగా వేయండి. ఎందుకు అడుగుతున్నారో, చెప్పింది ఎవరిదాకా వెళ్తుందో ముందే చెప్పండి. ఆమె ఏడిస్తే వెంటనే ప్రార్థన మొదలుపెట్టి మాట తుంచేయకండి. ఈ అలవాటు మన సేవకులకు మరీ ఎక్కువ.