గుండె నావరించిన పొర



సుశ్రుతుడు హృదయమును అధోముఖమైన తామరతో బోల్చెను. ఆ తామరను చుట్టి రెండు పొరల సంచి యొకటి కలదు. దానిని హృదయావరణ మందురు. పొరల నడుమ 15 మొదలు 50 మిల్లీలీటర్ల వరకు నీరుండుటచే గుండె కొట్టుకొనునపుడు ఒరిపిడి కలుగదు.

గత సంవత్సరము మా తోడికోడలు పది దినములు పడుకొనలేక, ముందునకు వంగి కూర్చుండియే రాత్రులు గడపెను. ఊపిరి పీల్చిన పొడిచినట్లు నొప్పి. వాయువని తలచి వాము కషాయ మిచ్చినదానను నేనే. “పగలు పడుకొన్న నేమనుకొందురో అక్కా” యని యామె వంటయిల్లు విడువలేదు. మెడనరము లుబ్బి ఆయాసము హెచ్చిన పిదప ఆసుపత్రికి గొనిపోతిమి. ఎకో పరీక్షలో నీరు నిండి గుండెను అదుముచున్నట్లు తేలెను. వైద్యుడు సూదితో నీరు తీయగా ఊపిరి కుదుటబడెను. కారణము క్షయ. ఆరునెలలు మందు విడువక సేవించి యిప్పుడు సుఖముగా నున్నది.

ఈ పొర వాచుటకు వైరసులు, మూత్రపిండములు చెడుట, గుండెపోటు మొదలగునవి కారణములు. స్త్రీలకే హెచ్చుగా వచ్చు లూపస్ వ్యాధియు నట్టిదే. మన దేశమున క్షయ ముఖ్యకారణము. దాని మందులను ప్రభుత్వ ముచితముగా నిచ్చుచున్నది. నీరు మెల్లగా చేరినచో లీటరైనను గుండె కొంతకాల మోర్చును. వేగముగా చేరిన పావులీటరే ప్రాణము మీదికి దెచ్చును. క్షయకు చికిత్స చేయక విడిచినచో పొర గట్టిపడి గుండెను బిగింపవచ్చును. అప్పుడు కాళ్ళును పొట్టయు వాచుటచే కాలేయరోగమని భ్రమింతురు. కొందరికి శస్త్రముచే పొరను తొలగింపవలసివచ్చును.

వైరసువలని వాపునకు వైద్యులు నొప్పిమాత్రలతో గూడ కోల్చిసిన్ అను మందును సుమారు మూడునెలలు వాడింతురు. వ్యాధి తిరుగబెట్టుట దానివలన తగ్గును. ఈ ద్రవ్యము మన అడవినాభి దుంపలో నున్నదని విని యెవరును ఇంట నూరి యీయరాదు. ఆ దుంప ప్రాణాంతకమైన విషము.

పడుకొనిన హెచ్చి, ముందునకు వంగిన తగ్గు రొమ్మునొప్పి ఈ వ్యాధికి గుర్తు. అయినను గుర్తులు చూచుచు ఇంట కూర్చుండ వలదు. రొమ్మునొప్పి యేదైనను గుండెపోటు కావచ్చును గాన వెంటనే వైద్యునికి చూపవలెను.

ఇంట నెవరైన రాత్రి పడుకొనక కూర్చుండిన “ఏమి బాధ?” యని ఆ రాత్రియే అడుగుడు. నేను పదునొకండవ దినమున నడిగితిని.